డెల్టాలో పాత కారు: మోడల్ కంటే ముందు నీళ్ళ సంగతి చూడండి

కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కలో సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకున్న ఇంట్లో మొదలయ్యే చర్చ దాదాపు ఒకేలా ఉంటుంది. ఆల్టోనా, వ్యాగన్ఆరా, ఐ10నా? మీటర్ ఎంత తిరిగింది? ఎంతకు తెగుతుంది? ఇవన్నీ అడగాల్సినవే. కానీ ధవళేశ్వరం దిగువన ఉన్నవాళ్ళు వీటన్నిటికంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఈ బండి ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందా? ఉప్పుగాలికి ఎన్నేళ్ళు నిలబడింది?

దీనికి కారణం ఉంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లు మొండివి. ఆయిల్ టైముకు మారుస్తూ ఉంటే లక్షన్నర కిలోమీటర్లు దాటినా చాలావరకు ఇబ్బంది పెట్టవు. ఒకవేళ ఇంజిన్‌కి పని పడినా మెకానిక్ ఒక అంకె చెబుతాడు, ఆ డబ్బు పెడితే బండి మళ్ళీ తిరుగుతుంది. తుప్పు తిన్న బాడీకి, మునిగి తేలిన వైరింగుకి అలాంటి అంకె ఉండదు. ఈ నెల ఒక సెన్సర్, వచ్చే నెల ఒక కనెక్టర్, ఆపై పవర్ విండో, ఆ తర్వాత స్టార్టింగ్ ట్రబుల్. ఎంత పెట్టినా బండి మీద నమ్మకం కుదరదు. పిల్లల్ని, పెద్దవాళ్ళని ఎక్కించుకుని రాత్రిపూట కాలవగట్టు మీద ప్రయాణం చేసే కుటుంబానికి ఆ నమ్మకమే ముఖ్యం.

మునిగిన బండ్లు ఎక్కడి నుంచి వస్తాయి

మన లంకల వాళ్ళ బండ్లు వరదలో మునగడం తక్కువే. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు దిగువకు వదిలినప్పుడు లంకలన్నీ ఏకమైపోయాయి. అయితే వరద ఎక్కడి దాకా వస్తుందో తాతల కాలం నుంచి తెలిసిన ఊళ్ళవి. హెచ్చరిక రాగానే ముందు పశువుల్ని, ఆ తర్వాత బండ్లని ఏటిగట్టు ఎక్కించేస్తారు.

అసలు ప్రమాదం వరద అలవాటు లేని నగరాల బండ్లతో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు సింగ్ నగర్ వైపు కాలనీల్లో కార్లు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2015, 2023 డిసెంబర్లలో చెన్నైలో కూడా ఇదే జరిగింది. ఆ బండ్లు తర్వాత ఏమవుతాయో తెలిస్తే సంతలో ఏం వెతకాలో అర్థమవుతుంది. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కేసి యజమానికి డబ్బు చెల్లిస్తుంది. బండి వేలానికి పోతుంది. కొన్నవాళ్ళు కొందరు దాన్ని విడిభాగాలకు విప్పేస్తారు. మరికొందరు ఎండబెట్టి, సీట్లు కుట్టించి, పాలిష్ కొట్టించి, తెలిసినవాళ్ళు లేని ఊళ్ళో అమ్మకానికి పెడతారు. విజయవాడ నుంచి తణుకో, రావులపాలెమో రావడానికి ఎంతసేపు పడుతుంది?

పాత రోజుల్లో నంబర్ ప్లేటు చూసి బండి ఎక్కడిదో చెప్పేసేవాళ్ళం. ఏపీ 05 అంటే తూర్పుగోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమగోదావరి, ఏపీ 16 అంటే కృష్ణా. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ వీలు పోయింది. కాబట్టి ఆర్సీలో రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసు పేరు, మొదటి ఓనర్ చిరునామా తప్పకుండా చదవాలి. విజయవాడ చిరునామా కనిపించినంత మాత్రాన బండి మునిగిందని కాదు. 2024 సెప్టెంబరులో ఆ బండి ఎక్కడుందని అడగడానికి మాత్రం అది చాలు.

ఇక బండిలోకి ఎక్కండి. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇంక రాదనే వరకు లాగండి. మామూలు వాడకంలో బయటికి రాని చివరి రెండు మూడు అడుగుల పట్టీ ఇప్పుడు కనబడుతుంది. మునిగిన బండిలో ఆ పట్టీ మీద బురదనీటి మరక అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది, పట్టీ గట్టిపడి ఉంటుంది. సీట్ కవర్లు మార్చేవాళ్ళు కూడా బెల్టు మార్చడం అరుదు, ఖర్చెక్కువ. బెల్టు అడుగున తయారీ తేదీ ఉన్న చిన్న చీటీ ఉంటుంది. 2017 బండిలో ఒక బెల్టుకి మాత్రం 2024 తేదీ ఉందంటే అది ఎందుకు మార్చారో చెప్పాలి. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి, సీటు నడిచే పట్టాల మీద వేలు పెట్టి చూడండి. అక్కడ సన్నని ఒండ్రు, ఎర్రటి తుప్పు పొడి తగిలితే ఇంకేమీ అడగక్కర్లేదు. స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే సాకెట్ ఉంటుంది, దాని లోపలి పిన్నులు పచ్చబారాయా చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చూడండి. మ్యాట్ల కింద కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. ఘాటైన సెంటు కొట్టి ఉంటే అద్దాలన్నీ మూసేసి బండిని ఎండలో అరగంట ఉంచండి. అడుగున ముక్కిన వాసన ఉంటే అప్పుడు బయటపడుతుంది.

కాగితాల్లో కూడా ఒక గుర్తు దొరుకుతుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి 20, ఆపైన వరసగా 25, 35, 45, అయిదో ఏడాదికి 50. ఏడేళ్ళ బండికి పాలసీలో 50 ఉంటే అయిదేళ్ళుగా క్లెయిమ్ లేదని అర్థం. సున్నా ఉంటే నిరుడు క్లెయిమ్ అయినా తీసుకుని ఉండాలి, పాలసీ అయినా మురిగిపోయి ఉండాలి, లేదా బండి ఈ మధ్యే చేతులు మారి ఉండాలి. గత మూడేళ్ళ పాలసీ కాగితాలు అడగండి. ‘పాతవి పారేశామండి’ అంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు మీద హిస్టరీ తీయించమనండి. అందులో పని జాబితాలు, కిలోమీటర్లు, తేదీలు వరసగా ఉంటాయి. మీటర్ వెనక్కి తిప్పిన బండి కూడా చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

మునిగిన కారు వెంటనే మొరాయించదు, చిక్కంతా అక్కడే. కనెక్టర్లలో చేరిన తడి రాగిని మెల్లగా తినేస్తుంది. ఆరు నెలలు బాగానే తిరిగి, తర్వాత డాష్‌బోర్డ్‌లో లైట్లు ఒక్కొక్కటే వెలగడం మొదలవుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ చాలావరకు సీట్ల కిందుగా, ఫ్లోర్ మీదుగా పోతుంది కాబట్టి అవసరమైన రోజున అది పనిచేస్తుందన్న భరోసా ఉండదు. ఎంత చవగ్గా వచ్చినా అలాంటి బండి కుటుంబానికి వద్దని నా గట్టి అభిప్రాయం.

ఉప్పు చేసే పని

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఇంటి గేట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివాళ్ళకు తెలుసు. కారు కూడా ఇనుమే. సముద్రపు గాలిలోని ఉప్పు, తడి కలిస్తే తుప్పు వేగం పెరుగుతుంది. దీనికి తోడు మన దగ్గర ఇంకో రెండున్నాయి. ఒకటి రొయ్యల చెరువుల నీళ్ళు. చెరువు గట్ల మీద రోజూ తిరిగే బండికి, రొయ్యల లోడు నుంచి కారిన నీళ్ళలో నడిచే బండికి ఉప్పు కిందినుంచి అంటుకుంటుంది. రెండోది బోరు నీళ్ళు. సముద్రం దగ్గరి ఊళ్ళలో భూగర్భజలం ఉప్పగా ఉంటుంది, ఆ నీళ్ళతోనే బండి కడుగుతారు. రోజూ కడిగే శ్రద్ధ గల యజమాని బండికే అడుగున తుప్పు ఎక్కువ ఉండడం ఇందువల్లే జరుగుతుంది.

పైన పెయింట్ చూసి దీన్ని పట్టుకోలేం. బండిని వాటర్ సర్వీస్ ర్యాంపు ఎక్కించాల్సిందే. ‘ఏమండీ, ఒకసారి ర్యాంపు ఎక్కిద్దామా’ అని అడిగి చూడండి. ‘ఆయ్, ఎక్కించుకోండి, మన దగ్గర దాపరికమేముందండీ’ అనే అమ్మకందారు ఉంటాడు. ‘ఇప్పుడెందుకండీ, మొన్ననే కింద అంతా కోటింగ్ కొట్టించాం’ అనేవాడూ ఉంటాడు. అమ్మే ముందు కొత్తగా కొట్టించిన నల్లటి కోటింగ్ చూస్తే నాకు అనుమానమే వస్తుంది. కొన్న వాడు కొట్టించుకుంటాడు గానీ, అమ్మే వాడికి ఆ అవసరం ఏముంటుంది?

కింద నిలబడి పైకి చూసినప్పుడు అంతా ఎర్రగా కనబడి కంగారు పుడుతుంది. అన్ని తుప్పులూ ఒకటి కావు. సైలెన్సర్ మీద, బోల్టుల మీద, లోయర్ ఆర్మ్‌ల మీద పైపైన ఉండే ఎర్రదనం మామూలే. సైలెన్సర్ పోతే కొత్తది వేయించుకోవచ్చు. చూడాల్సిన చోట్లు వేరు. తలుపుల కింద పొడుగ్గా ఉండే రన్నింగ్ బోర్డు, సస్పెన్షన్ బాడీకి బిగిసే చోటు, కాళ్ళు పెట్టుకునే ఫ్లోర్, బ్రేక్ ఆయిల్ వెళ్ళే సన్నని పైపులు. స్క్రూడ్రైవర్ పిడితో రన్నింగ్ బోర్డు పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి రేకు టంగుమంటుంది. లోపల తినేసిన చోట శబ్దం మొద్దుబారి పెయింట్ పొరలు రాలతాయి. అక్కడ పుట్టీ పెట్టి పెయింట్ కొట్టారంటే అయస్కాంతం కూడా సరిగా అంటుకోదు. ఈ నాలుగు చోట్లలో ఎక్కడ రేకు చిల్లి పడ్డా ఆ బండి వదిలేయండి. వెల్డింగ్ పెట్టించుకోవచ్చని చెబుతారు. బాడీ బలమంతా ఆ భాగాల మీదే ఉంటుంది, టింకరింగ్ షెడ్డులో వేసిన అతుకు ఆ బలాన్ని తిరిగి ఇవ్వలేదు.

తలుపుల అడుగు అంచున చిన్న రంధ్రాలు ఉంటాయి, లోపలికి దిగిన వాన నీరు పోవడానికి. అవి మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ తలుపు లోపలి నుంచి తింటోందని అనుకోవచ్చు. డిక్కీ తలుపు కింది అంచు కూడా అంతే.

బానెట్ మీద, టాప్ మీద గుండ్రటి సొట్ట కనబడితే మన దగ్గర భయపడక్కర్లేదు. కొబ్బరికాయ పడిన గుర్తు అది. యాక్సిడెంట్ గుర్తులు ఇంకోచోట ఉంటాయి. బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందా, ముందు ఆప్రాన్‌ల మీద (ఇంజిన్‌కి రెండు పక్కలా ఉండే లోపలి రేకులు) కంపెనీ వెల్డింగ్ చుక్కలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా చూడాలి. అద్దాలన్నిటి మీదా కంపెనీ ముద్ర ఒకటే ఉండాలి. ఒక్క అద్దమే వేరే అయితే కారణం అడగాలి.

‘తక్కువ తిరిగింది’ అన్న మాట

గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న కొడుకు సెలవుకి వచ్చినప్పుడు కొన్న కారు, మిగతా కాలమంతా తోటలో షెడ్డు కింద ఉన్న కారు మన జిల్లాల్లో చాలానే దొరుకుతుంది. పదేళ్ళ బండి, ఇరవై వేల కిలోమీటర్లు. బ్రోకర్లకు ఇంతకంటే మంచి సరుకు లేదు. నిజంగా బాగుండొచ్చు కూడా. కానీ నిలబడిన బండి నిలబడే పాడవుతుంది. టైర్ల రబ్బరు గట్టిపడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ చస్తుంది, రబ్బరు గొట్టాలు పగుళ్ళిస్తాయి. పక్కన చేలు ఉంటే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 1416 అంటే 2016లో పద్నాలుగో వారం. గీతలు ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైర్లతో పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కకండి, నాలుగూ మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడాలి.

అలాంటి బండికంటే ఏడాదికి పది వేల చొప్పున సక్రమంగా తిరిగి, సర్వీస్ బిల్లులన్నీ ఉన్న టీచరు గారి బండి నాకు నయం.

గట్టు మీద పరీక్ష

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. మీరు వెళ్ళేసరికి బండి స్టార్ట్ చేసి వేడిగా ఉంచితే ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. తాళం తిప్పగానే ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేశారని లెక్క. పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత అడుగున పాల మీగడలాంటి జిడ్డు బాగా పేరుకుని ఉంటే దాని గురించి మెకానిక్‌ని తప్పక అడగాలి.

తర్వాత బండిని తీసుకెళ్ళి ఊరి రోడ్డు మీంచి ఏటిగట్టు ఎక్కే వాలు దగ్గర ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలితే బండి వెనక్కి జారకూడదు. అక్కడినుంచి మొదటి గేర్లో నింపాదిగా ఎక్కించండి. క్లచ్ పోతున్న బండి రొద పెడుతుంది గానీ ముందుకు కదలదు, వాసన కూడా వస్తుంది. గట్టెక్కాక గుంటల్లో నెమ్మదిగా పోనిస్తూ కిటికీలు దించి వినండి. లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్లు పోయి ఉంటే ముందు చక్రాల దగ్గర టకటకమంటుంది. ఇవి పెద్ద ఖర్చులు కావు, బేరానికి పనికొస్తాయి. స్టీరింగ్ ఒకవైపు లాగడం, బ్రేకు కొట్టినప్పుడు పక్కకు పోవడం మాత్రం ఊరికే వదలకూడదు. ఏసీ నిండుగా వేసి పదిహేను నిమిషాలు తిప్పండి.

మీ మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి, ఆయన కూలి మీరే ఇవ్వండి. బ్రోకర్ దగ్గర కమిషన్ తీసుకునే మనిషి చెప్పే మాట మీకు పనికిరాదు.

పెట్రోలా, డీజిలా, గ్యాసా

రోజూ అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళొచ్చేవాళ్ళకి తప్ప డీజిల్ చిన్న కారు ఇప్పుడు దండగ. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే డీజిల్ కార్లు ఆపేసింది. అంటే దొరికే డీజిల్ స్విఫ్ట్‌లన్నీ అంతకు ముందువే. ఇంజెక్టర్లు, టర్బో పోతే అయ్యే ఖర్చు పెట్రోల్ బండిలో ఉండదు.

గ్యాస్ సంగతి కొంచెం ఆలోచించాలి. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ మన కాళ్ళ కిందే ఉంది, సీఎన్జీ బంకులు కూడా వచ్చాయి. కంపెనీ బిగించిన సీఎన్జీ వ్యాగన్ఆర్ లాంటిది రోజువారీ వాడకానికి బాగానే కలిసొస్తుంది. డిక్కీ మాత్రం పోతుంది. బయట కిట్ బిగించిన బండి అయితే ఆర్సీలో ఇంధనం దగ్గర సీఎన్జీ అని ఎక్కిందా చూడాలి, ఎక్కకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కు. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ళ ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. వంటింటి సిలిండర్ గ్యాసుతో తిరిగిన బండి అని తెలిస్తే అక్కడితో మాట ఆపేయండి.

కాగితాలు

బండి నచ్చాక తొందర పుడుతుంది. చాలామంది చిక్కుల్లో పడేది ఇక్కడే. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో గానీ, ఎంపరివాహన్ యాప్‌లో గానీ బండి నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా లేదా చూసుకోవాలి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు ఉంటుంది, ఆర్సీలోదీ బండి మీద కొట్టిందీ ఒక్కొక్కటే సరిచూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 కావాలి. అప్పు తీరిపోయిందని చెప్పి, ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంచేసిన బండ్లు బోలెడు. పెండింగ్ చలానాలు కూడా ముందే చూసుకోవాలి.

పేరు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. ఓనర్ కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటే తండ్రి పెట్టిన సంతకం చెల్లదు. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మారాలి, తర్వాతే మీకు అమ్మగలరు. ‘సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఉన్నాయండి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు’ అనే మాట నమ్మకండి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కాబట్టి అమ్మేవాళ్ళకు కూడా పేరు మారడం అవసరమే, ఈ విషయం వాళ్ళకు చెబితే పని త్వరగా అవుతుంది.

డెల్టాలో ఇంకో ప్రత్యేకత యానాం. పీవై 04 నంబరు బండ్లు మన రోడ్ల మీద ఎన్నో. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి ఏపీలో ఉండేవాళ్ళు ఆ బండి కొంటే వేరే రాష్ట్రపు బండి కొన్నట్టే. ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, రీరిజిస్ట్రేషన్ చేయించాలి. వేరే రాష్ట్రపు నంబరుతో ఏడాది దాటి ఇక్కడ తిప్పడం చట్టానికి విరుద్ధం. ఢిల్లీ బండ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ పాత డీజిల్, పెట్రోల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అవి చవగ్గా వస్తాయి, పన్ను కట్టేసరికి ఆ చవక కరిగిపోతుంది.

పదమూడు, పద్నాలుగేళ్ళ బండి కొనేవాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది.

ఇప్పుడు మోడల్

నా ఓటు ముందు తయారీ తేదీకి. 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్ట్ హెచ్చరిక, రివర్స్ సెన్సర్లు వచ్చాయి. 2022 జనవరి నుంచి పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంతకు ముందు చిన్న కార్ల కింది వేరియంట్లలో ఇవేవీ లేనివే ఎక్కువ. పక్కన రక్షణ గోడ లేని కాలవగట్ల మీద, తడి రోడ్డు మీద బ్రేకు కొట్టినా చక్రం పట్టేయకుండా స్టీరింగ్ మాట వినాలంటే ఏబీఎస్ కావాలి. 2016 టాప్ మోడల్ కంటే 2019 జూలై తర్వాతి మామూలు మోడల్‌కే నేను మొగ్గుతాను.

పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి వ్యాగన్ఆర్ బాగా నప్పుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వంగకుండా ఎక్కి దిగొచ్చు, 2019లో వచ్చిన కొత్త ఆకారంలో డిక్కీ 341 లీటర్లు. ఆల్టో 800 నిర్వహణ చవక, వెనక ముగ్గురు పెద్దవాళ్ళకు ఇరుకు. దాని ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది, గడువుకు మార్చారో లేదో బిల్లు చూడాలి. మారుతి కె సిరీస్ ఇంజిన్లకు చైన్ కాబట్టి ఆ బెంగ లేదు. గ్రాండ్ ఐ10 లోపల సౌకర్యంగా ఉంటుంది. భద్రత గురించి గట్టిగా ఆలోచించేవాళ్ళు టియాగో చూడాలి, కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి 4 స్టార్లు వచ్చాయి. 2018లో పరీక్షించిన స్విఫ్ట్‌కి 2. చెరువు గట్ల మీద, దుక్కి మట్టి పడిన రోడ్ల మీద తిరిగేవాళ్ళకి క్విడ్ ఎత్తు పనికొస్తుంది.

చవగ్గా వచ్చే కొన్ని పేర్ల దగ్గర కాస్త ఆగాలి. షెవర్లే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో వెళ్ళిపోయింది. వాటిలో మంచి కార్లున్నాయి, ఫిగో బాడీ గట్టిదే. కానీ రాజోలులోనో, పాలకొల్లులోనో మీ మెకానిక్‌కి హెడ్‌లైటో, తలుపు లాకో కావాలంటే పట్నానికి ఆర్డర్ పెట్టి ఎదురు చూడాలి. ఇంట్లో ఒక్కటే బండి ఉన్నవాళ్ళకి అది కష్టం.

డబ్బు ఇచ్చాక

అనుకున్న బడ్జెట్‌లో పదో వంతు పక్కన ఉంచుకోండి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ మొదటి వారంలోనే మార్పించేయాలి, పాత ఓనర్ నిన్ననే మార్చానన్నా సరే. బ్యాటరీ, టైర్లు, వైపర్లు కూడా ఆ డబ్బులోంచే.

బీమా పాలసీ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. థర్డ్ పార్టీ భాగం దానంతటదే బండితో వచ్చినా, మీ బండికి నష్టం జరిగితే పాత ఓనర్ పేరు మీద క్లెయిమ్ ఇవ్వరు. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌కే చెందుతుంది, మీకు రాదు, కాబట్టి ప్రీమియం ఆయన కట్టినదానికంటే ఎక్కువే ఉంటుంది. కొత్త పాలసీ రాయించేటప్పుడు ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ వస్తుందేమో అడగండి, బండి వయసును బట్టి ఇస్తారు. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం ఉన్నా, నీళ్ళలో ఉన్న బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ లోపల కడ్డీ వంగితే ఆ ఖర్చు సాధారణంగా రాదు. అందుకే యాడ్ ఆన్ ఉన్నా లేకున్నా, నీళ్ళు సైలెన్సర్ దాటిన బండికి తాళం తిప్పకండి. బ్యాటరీ వైరు ఊడదీసి, ట్రాక్టర్‌తోనో తోపుడుతోనో గట్టెక్కించి, మెకానిక్ వచ్చి ప్లగ్గులు విప్పి చూసేదాకా అలాగే ఉంచండి.